మసిగాడి గొంతు

బాత్రూం గడియ వేసుకుని, గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించి ఉమ్మేసి, అద్దం వంక చూడకుండా మెల్లగా ఒకసారి గుర్రుమన్నాడు. గొంతు పలికింది. ఇంకోసారి గుర్రుమన్నాడు. బయట ఎవరో దగ్గేసరికి గబుక్కున పంపు తిప్పి, మొహం కడుక్కుంటున్నవాడిలా చప్పుడు చేశాడు. అరవై దాటిన మనిషి, తలమీద లేని వెంట్రుకలు చెవుల్లో మొలిచిన మనిషి, కుక్కలా గుర్రుమంటుంటే వినేవాళ్ళు ఏమనుకుంటారు? ఏమీ అనుకోరు. ఆ డబ్బింగ్ స్టూడియోలో అతని పనేమిటో అందరికీ తెలుసు. అయినా సిగ్గు సిగ్గే.

అది పిల్లల బొమ్మల సీరియల్. తండ్రిని వెతుక్కుంటూ ఒక కుర్రాడు దీవి నుంచి దీవికి పడవమీద పోతుంటాడు. వెంట ఒక నల్లకుక్క, మసిగాడు. ఏనాటిదో పాత సీరియల్. దానికిప్పుడు కొత్తగా మాటలు చెప్పిస్తున్నారు. పాత టేపుల్లో కుక్క అరుపులూ మనుషుల మాటలూ కలిసిపోయి ఉన్నాయట, విడదీయడం కుదరదట. అందుకని కుక్కకీ ఒక మనిషి కావలసివచ్చాడు. అంతకుముందు అతనివన్నీ గుంపులో కేకలే. సంతలో బేరాలు, తగువులో "కొట్టండ్రా వాణ్ణి"లు. గుంపులో గోవిందయ్యకి మొదటిసారి ఒక వేషమంటూ దొరికింది. అదీ నాలుగు కాళ్ళది.

తమ్ముడి ఇంట్లో ఉంటాడు. తమ్ముడూ మరదలూ మంచివాళ్ళే, అనకూడదు. బావగారు ఏం చేస్తారని ఎవరైనా అడిగితే మరదలు "టీవీలో పని" అని ఊరుకుంటుంది. అన్నం వేళకి కంచం చప్పుడు చేస్తుంది, ఇతను వచ్చి కూర్చుంటాడు. పిలవవలసిన అవసరం ఎవరికీ రాదు. భార్య పోయాక అతన్ని నోరారా పిలిచేది ఆ కుర్రాడొక్కడే. చీకటి గదిలో మైకు కిందకి దించుకుని, నేలమీద గొంతుక్కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకోగానే "రారా మసీ, రారా నా బంగారం" అని వినపడేది. ఎంత అలసటలో ఉన్నా ప్రాణం లేచొచ్చేది. ఒళ్ళంతా తోకైపోయేది.

ఆ కుర్రాడు నిజానికి యాభై ఏళ్ళ ఆవిడ. పొద్దున్నే వచ్చి తన మాటలు చెప్పేసి వెళ్ళిపోతుంది. కుక్క వంతు అందరి తర్వాత, మధ్యాహ్నం. మూడేళ్ళు ఒకే పడవలో తిరిగి ఒకరి మొహం ఒకరు చూడలేదు.

ఇవాళ ఆఖరి భాగం. తండ్రి దొరికాడు. ఇద్దరూ ఓడెక్కి ఇంటికి పోతారు. ముసలిదైపోయిన కుక్కని లైట్‌హౌస్ కాపలావాడి దగ్గర వదిలేస్తారు. అది ఒడ్డు వెంట పరిగెడుతుంది. చూస్తే ఓడ దిగిపోతానన్న భయంతో కుర్రాడు వెనక్కి తిరగడు.

నిన్ననే రికార్డింగ్ ఇంజనీరుని బతిమాలుకున్నాడు. "ఈ ఒక్క సీనుకి ఆవిడని ఉండమనవా బాబూ?"

"ఎందుకు మాస్టారూ? కుర్రాడికి ఇందులో మాటే లేదుగా."

"వీడ్కోలు కదా. మనిషి లేకుండా ఎవరికి చెప్పను?"

ఆవిడ ఉండిపోయింది. తన పని అయిపోయినా, ఇతని వంతు వచ్చేదాకా కూర్చుంది. పొట్టి మనిషి, నెరిసిన జడ, కళ్ళజోడు. ఇతన్ని చూసి నవ్వింది.

"మీరేనా మా మసిగాడు! ఇంత పొడుగుంటారనుకోలేదు అన్నయ్యా."

రాత్రంతా మాటలు కూర్చుకున్నవాడు దణ్ణం పెట్టాడు, అంతే.

ఎర్రలైటు వెలిగింది. తెరమీద ఓడ కదిలింది. ఆవిడ ఎదురుగా నిలబడి ఆప్యాయంగా చూస్తోంది. ఇతను నోరు తెరిచాడు. దగ్గు వచ్చింది. మళ్ళీ మొదటినుంచి వేశారు. ఈసారి దగ్గు కూడా రాలేదు. ఇన్నాళ్ళూ చీకట్లో ఒంటరిగా మొరిగినవాడికి మనిషి కళ్ళలోకి చూస్తూ మొరగడం చేతకాలేదు. కొరివితో తల గోక్కున్నట్టయింది. కుక్కిన పేనులా కూర్చున్నాడు.

"పోనీ పాత భాగాల్లోంచి అతికించెయ్యనా మాస్టారూ? అరుపులు బోలెడున్నాయి," అన్నాడు ఇంజనీరు స్పీకరులో.

"వద్దు బాబూ. అవి సంతోషం అరుపులు." ఆవిడ వైపు తిరిగాడు. "మీరెళ్ళండమ్మా. మీ పూటంతా పాడుచేశాను."

ఆవిడ అతన్ని ఒకసారి చూసి, వీపు తిప్పి తలుపు వైపు నిలబడింది. "ఇంకోసారి వెయ్యండి," అంది ఇంజనీరుతో. ఓడ కదిలింది. అప్పుడు ఆ నెరిసిన జడ మీదుగా పన్నెండేళ్ళ కుర్రాడి గొంతు వినపడింది. ఆ మాట కాగితంలో లేదు.

"ఇంక రాకురా మసీ. అలిసిపోయావు. ఇంటికెళ్ళిపో."

ముందు ఒక చిన్న మూలుగు వచ్చింది. తర్వాత చేతులు నేలకానాయి. మోకాళ్ళమీద ఊగుతూ, రొప్పుతూ, ఒడ్డంతా పరిగెత్తాడు. ఆవిడ అడుగులేసింది. తిరగలేదు. బరువైన తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. అప్పుడు పెట్టాడు ఏడుపు. భార్యని తీసుకెళ్ళిన రోజున కూడా అతను అట్లా ఏడవలేదు. ఆ రోజు చుట్టూ జనం ఉన్నారు. ఓడ చుక్కై మాయమయ్యేదాకా ఇంజనీరు ఆపలేదు.

"కుదిరింది మాస్టారూ," అన్నాడు చివరికి. ఆ మాట చాలా మెల్లగా అన్నాడు.

మోకాళ్ళు పట్టుకుని లేచాడు. ఆవిడ వరండాలో ఉంటుందనుకున్నాడు. కనీసం పేరైనా అడగాలి. వరండా ఖాళీగా ఉంది. గేటు దాకా నడిచాడు.

"ఆవిడా? వెళ్ళిపోయారండీ," అన్నాడు వాచ్‌మన్. "ఏమండీ అని రెండుసార్లు పిలిచాను. తిరిగి చూడలేదు."

తిరగదు. తిరగకూడదు కదా. తల ఊపి, కండువా తెచ్చుకుందామని లోపలికి వచ్చాడు. రేపటినుంచి పని లేదు. గదిలో లైట్లన్నీ వేసేశారు. తలుపు పక్క కుర్చీలో ఆవిడ కళ్ళజోడు ఉండిపోయింది, అద్దాల లోపలివైపు ఇంకా తడిగా.