బాగున్న మోకాలికి కట్టు

నవంబరు చలికి మైదానంలో గడ్డి బిర్రబిగిసిపోయింది. బట్టలు మార్చుకునే గదిలో ఆంబ్రోస్ యాన్సీ బూట్ల తాళ్లు బిగించుకుంటున్నాడు. ఆ ఏడాది మార్లో కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఒక్క ఆటా ఓడలేదు. బంతిని చంకలో ఇరికించుకుని ఆంబ్రోస్ పరుగు తీస్తే, ముగ్గురు మీద పడ్డా ఆగేవాడు కాదు. ఇవాళ థాంక్స్‌గివింగ్ పండగ, సీజన్లో చివరి ఆట. ఈ ఆటలో దిగినవాళ్లకే స్వెట్టరు మీద గౌరవచిహ్నంగా కాలేజీ పేరులోని మొదటి అక్షరం కుట్టుకునే హక్కు. కాలేజీ మొత్తంలో నల్లవాడు ఆంబ్రోస్ ఒక్కడే. ఆ అక్షరం వేసుకుని వాళ్లమ్మ ముందు నిలబడాలని మూడేళ్లుగా అతని ఆశ.

కోచ్ హాల్డేన్ లోపలికి వచ్చాడు. వెనకాలే కెప్టెన్ వెండెల్, చేతిలో కట్టుగుడ్డ చుట్ట.

“చూడు నాయనా, మనతో ఆడడానికొచ్చిన ఆ మిజోరీ జట్టువాళ్లు నల్లవాడితో ఆడమంటే ఆడమని కూర్చున్నారు,” అన్నాడు కోచ్.

“కూర్చోనివ్వండి. వాళ్లు దిగకపోతే గెలుపు మనదే కదండీ?”

“ఊరంతా వచ్చి కూర్చుంది. ఆట ఆపలేను. నీకు మోకాలు బెణికిందని చెబుతాం. కట్టు కట్టుకుని బెంచీ మీద కూర్చో, చాలు. అక్షరం నీకు ఇప్పించే పూచీ నాది.”

“జట్టునడిగారా?”

“అడిగాను. అందరూ సరేనన్నారు.”

“నువ్వూనా, వెండెల్?”

కిందటేడు వెండెల్‌ని లెక్కల్లో గట్టెక్కించింది ఆంబ్రోసే. ఇప్పుడు వెండెల్ నేలచూపులు చూస్తున్నాడు.

“ఒక్క ఆటే కదరా. దీనికోసం సీజనంతా పాడు చేసుకుంటామా?”

“ఎవరి సీజన్రా అది?”

వెండెల్ కట్టుగుడ్డ చుట్ట విప్పాడు. మోకాళ్ల మీద కూర్చుని కట్టు చుట్టసాగాడు. ఎక్కడా మడత పడకుండా, ఎంతో ఒద్దికగా చుట్టాడు. ఆ ఒద్దిక చూసి ఆంబ్రోస్‌కి ఒళ్లు మండిపోయింది. అరిస్తే పొగరంటారు, వెళ్లిపోతే భయపడ్డాడంటారు. పళ్లు బిగపట్టి కాలు చాచాడు.

బెంచీ మీద కూర్చోగానే ప్రూయిట్ గారి భార్య శాలువా పట్టుకుని వచ్చింది. ఆంబ్రోస్ ఉండేది వాళ్లింటి వెనక గదిలోనే.

“అయ్యో, ఇదెప్పుడు జరిగింది నాయనా? పొద్దున్నే మా పొయ్యికి బొగ్గు బకెట్లు రెండు చేతులా మోసుకొచ్చావే!”

“ఆ తరవాతేనమ్మా, ప్రాక్టీసులో,” అన్నాడు కోచ్ గబగబా.

“పండగపూట ప్రాక్టీసేమిటి?” అని గొణుక్కుంటూ ఆవిడ వెనక వరసలో కూర్చుంది.

సగం ఆటకల్లా మార్లో వెనకబడింది. మిజోరీ కుర్రాడొకడు బెంచీ పక్కగా పోతూ, “కుర్చీ మెత్తగా ఉందా, దొరగారూ?” అని ఇకిలించాడు. ఆంబ్రోస్ దాన్ని దిగమింగాడు.

విరామంలో కాలేజీ కుర్రాడొకడు కేకలేసే రేకు బాకా నోటికి పెట్టుకుని అరిచాడు. “గాయంతో కూడా మనకోసం వచ్చి కూర్చున్న యాన్సీకి మూడు జేజేలు!”

జనమంతా లేచి జేజేలు కొట్టారు. కోచ్ కొట్టాడు. వెండెల్ కూడా కొట్టాడు.

ఇది మాత్రం గొంతు దిగలేదు. ఆడనివ్వకపోవడం వాళ్ల తప్పు. ఈ జేజేలకు తలవంచితే ఆ అబద్ధం తనదైపోతుంది.

ఆంబ్రోస్ లేచి కట్టు విప్పడం మొదలుపెట్టాడు. చుట్టు విప్పినకొద్దీ జేజేలు సన్నగిల్లాయి. గుడ్డంతా ఉండచుట్టి వెండెల్ చేతుల్లో పడేశాడు.

“ఉంచుకో. ఆ అక్షరం కూడా నువ్వే కుట్టించుకో.”

మైదానంలోకి దిగి ఈ గోలు దగ్గర్నించి ఆ గోలు దాకా పరిగెత్తాడు. చేతిలో బంతి లేదు, అడ్డొచ్చేవాడు లేడు. గట్టిపడ్డ నేల మీద అతని బూట్ల చప్పుడొక్కటే వినిపించింది. అక్కణ్నించి ఆగకుండా నేరుగా గేటు వైపు నడిచాడు.

గేటు దాటుతుంటే వెనక నించి ప్రూయిట్ గారి భార్య గొంతు ఖంగుమంది.

“కోచ్ గారూ! బెణికింది ఏ కాలన్నారు?”

జవాబు కోసం ఆంబ్రోస్ ఆగలేదు.