దీర్ఘం లేని దారి

ఆమెకు దీర్ఘాలమ్మ అని పేరు పెట్టింది కట్టుకున్నవాడే. మామూలు మాటను సాగదీసి, చివర కాస్త వంకర తిప్పి, ఎదుటివాళ్ళకు గుచ్చుకునేలా అనడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. ఆయన పోయాడు, పేరు మిగిలింది. ఆమె పనిచేసిన ఆసుపత్రి లాండ్రీలోనూ అదే పేరు, ఇరుగుపొరుగులోనూ అదే పేరు.

ఆయన పోయాకే సాయంకాలపు బడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకుంది. విచిత్రమేమిటంటే, నోట్లో అన్ని దీర్ఘాలున్న మనిషికి రాతలో ఒక్కటీ నిలిచేది కాదు. కాళ్ళు అని రాయబోతే కళ్ళు అయ్యేవి. పాట కాస్తా పట అయ్యేది.

"నోటితో అన్నీ ఖర్చుపెట్టేస్తే ఇక చేతికేం మిగులుతాయత్తయ్యా," అనేది కోడలు. ఆ అమ్మాయి ఆఫీసులో టైపు పని చేస్తుంది. అత్తగారి రాతలకు శుద్ధప్రతి తీసేది ఆమే.

అలాంటి మనిషి ఏకంగా ఒక నవల రాసింది. మొగుడు పోయి, లాండ్రీలో పనికి కుదిరిన ఆడమనిషి కథ. తీసుకెళ్ళి ప్రచురణ సంస్థలో సంపాదకురాలికి ఇచ్చి వచ్చింది. కబురొచ్చే దాకా ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

సంపాదకురాలు పిలిపించి మంచిగానే మాట్లాడింది. "కథ బాగుందమ్మా. కానీ ఇలాంటివి నా బల్ల మీద గుట్టగా ఉన్నాయి. దీన్ని ఎవరు రాశారో తెలియడం లేదు. ఎవరైనా రాసి ఉండొచ్చు అనిపిస్తోంది. వానలు మొదలయ్యేలోపు ఈ ఏడు వేసే పుస్తకాలు ఖరారు చేసుకుంటాం. అప్పటికి ఇది మీదే అని నాకు తెలిసేలా తేగలరా?"

"తెస్తానండీ," అంది. ఎలా తేవాలో మాత్రం తెలియదు.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది. "ప్రత్యేకంగా ఉండాలట. ఎవరో రాసినట్టుందట. రాసి రాసి కాయలు కాసిన నా వేళ్ళనడగాలి ఎవరు రాశారో."

"అట్ట మీద బంగారు అక్షరాలు వేయిద్దామమ్మా. దూరం నుంచే కనిపిస్తుంది," అన్నాడు కొడుకు.

"అట్ట తెరిచాక?"

లోపలి సంగతికి ఆమే దారులు వెతికింది. ఇస్త్రీ గదిలో ఒక శవాన్ని పడేసింది. కథానాయికకు కవల చెల్లెల్ని పుట్టించింది.

కోడలు టైపు చేస్తూ ఆగింది. "అత్తయ్యా, ఈ శవం ఎవరిది?"

"ఇంకా అనుకోలేదు."

"మరి ఎవరూ ఏడవరేం?"

"ఎవరో తెలిస్తే కదా ఏడవడానికి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. శవాన్ని తీసేశారు. శవంతో పాటు కవల చెల్లెలూ పోయింది. మిగిలింది మళ్ళీ మొదటి పేజీయే. కోడలు దాన్ని పైకి చదివింది.

"ఉదయభానుడు తన బంగారు కిరణాలను పుడమి తల్లిపై ప్రసరింపజేయుచుండగా, ఆమె కళ్ళు ఈడ్చుకుంటూ లాండ్రీకి చేరెను... కళ్ళు ఈడ్చుకుంటూనా?"

"కాళ్ళే తల్లీ."

"సరే. పుడమి తల్లి అని మీరెప్పుడైనా అన్నారా, ఇన్నేళ్ళలో?"

"పుస్తకమన్నాక అలాగే కదా ఉండాలి."

"మీరు మాట్లాడితే నవ్వొస్తుందత్తయ్యా. రాస్తే నిద్రొస్తోంది. కోప్పడకండి. అసలు ఆ మనిషి పనికొచ్చిన రోజు ఏం జరిగింది?"

"ఏం జరిగిందా?" అంటూ ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మా లాండ్రీ పెద్దావిడ కొత్తదాని చేతికి ఒక దుప్పటి ఇచ్చి మడవమంది. అదేమో ఒక అంచు గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు బార్లా చాపి మడిచింది. చూడగానే మాకందరికీ తెలిసిపోయింది, ఇంట్లో రెండో కొస పట్టుకునే మనిషి లేడని. అప్పటిదాకా ఒకటే వాగుడు మా గదిలో. అంతా గప్‌చుప్. మా పెద్దావిడ చేతిలో పని అక్కడే పడేసిందమ్మా. వెళ్ళి రెండో కొస పట్టుకుంది, అంతే."

కోడలి వేళ్ళు ఊరుకోలేదు. మాట మాటా తెర మీదికి ఎక్కించేశాయి. అత్తగారు వంగి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. తన మాటలే. ఎక్కడి దీర్ఘాలు అక్కడే ఉన్నాయి. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"కొట్టెయ్," అంది చివరికి.

"ఇంత బాగుంటే!"

"బాగుంది కాబట్టే. నువ్వు రాస్తే నువ్వు రాసినట్టే అవుతుంది. నేను రాస్తాను."

మర్నాటి నుంచి ఇంట్లో కొత్త పద్ధతి వచ్చింది. ప్రతి వాక్యాన్నీ ముందు పైకి అంటుంది. నాలుక తడబడితే ఆ మాట తీసేస్తుంది. అన్నది నచ్చితే కూర్చుని రాస్తుంది. వినేవాళ్ళు మధ్యలో లేచి వెళ్ళిపోతారనిపించిన చోట పేజీకి పేజీయే లేపేస్తుంది. ఆ గొడవంతా విని పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది.

"ఎవరితో వదినా, పొద్దున్నే పోట్లాట?"

"పుడమి తల్లితో," అంది ఆమె.

భానుడు పోయాడు, సెలయేళ్ళు పోయాయి. పని పూర్తయ్యేసరికి కట్ట సగమైంది. కొడుకు చేత్తో బరువు చూసి, "సన్నబడిందేంటమ్మా?" అన్నాడు.

"ఉతికితే కుంచించుకుపోదూ?"

వానలకు ముందే అత్తాకోడళ్ళు ఇద్దరూ ప్రచురణ సంస్థకు వెళ్ళారు. సంపాదకురాలు మొదటి వాక్యం చదివింది: 'ఒంటరిది దుప్పటిని గడ్డంతో మడుస్తుంది.' చదివి, తెచ్చుకున్న టీ పక్కకు జరిపి, పేజీ తిప్పింది. మరో పేజీ. టీ మీద మీగడ కట్టింది. దీర్ఘాలమ్మ ఆ కప్పునే చూస్తూ కూర్చుంది. ఆవిడ టీ మరిచిపోయినంతసేపూ తనకు మంచి రోజేనని ఆమె లెక్క.

ఉన్నట్టుండి సంపాదకురాలు పెన్సిల్ అందుకుంది. "ఇక్కడ, మొదటి రోజు పని అయ్యాక, 'వీధిలోకొచ్చి నిలబడితే ఆమెకు దరి కనిపించలేదు' అని ఉంది. దారి అయ్యుంటుంది. దీర్ఘం పెట్టేస్తున్నాను."

కోడలు తల వంచుకుంది. టైపు చేసేటప్పుడు తనూ అదే అడిగింది.

"ఆగండి," అంది దీర్ఘాలమ్మ. "రాసినప్పుడు పొరపాటేనండీ. నా చేతికి దీర్ఘాలు నిలవవు. దిద్దుదామనే పైకి చదివాను. కానీ దారి ఆ మనిషికి తెలుసు. చిన్నప్పటి నుంచి నడిచిన వీధే. కనిపించనిది దరే. అందుకని ఉంచేశాను. మొదటిసారి పడింది తప్పు, రెండోసారి ఉంచింది నేను రాసింది."

సంపాదకురాలు ఆ వాక్యాన్ని మరోసారి చూసింది. పెన్సిల్ కింద పెట్టేసింది.

"ఇప్పుడు తెలుస్తోందమ్మా, ఎవరు రాశారో. ఈ ఏడే వేస్తున్నాం. అట్ట మీద పేరెలా వేయమంటారు?"

ఆమె కుర్చీలో సర్దుకుని కూర్చుంది. బడి హాజరు పుస్తకంలో ఒక పేరుంది, ఇంటిపేరుతో సహా. అది ఆమె నోటికి రాలేదు.

"దీర్ఘాలమ్మ అని వేయండి," అంది, ఉన్నదానికంటే కాస్త ఎక్కువే సాగదీసి. "రెండు దీర్ఘాలూ పడేలా చూడండి."