కర్రు మీది గుర్తు

సోమవారం పొద్దున పోలీసులు ట్రాక్టరును లాక్కుపోతుంటే రామక్క కొలిమి ముందు నిలబడి చూసింది.

చందాపుర కూడలి దాటాక రోడ్డు పక్కనున్న రేకుల పందిరే ఆమె కొలిమి. ఎదురుగా ఎనిమిది ఎకరాలు. పద్నాలుగు ఇళ్ళవాళ్ళు తాతల నాటినుంచి రాగి పండించుకుంటున్న నేల. మూడేళ్ళుగా వాళ్ళు విత్తుతున్నారు, విల్లాల కంపెనీ జేసీబీ వచ్చి మొలకల్ని గోకేస్తోంది. ఇప్పుడదే కంపెనీ, అక్కడ మూడేళ్ళుగా సాగే లేదని అర్జీ పెట్టింది. గురువారం సర్వేయరు వస్తాడు. దున్ని విత్తిన నేల కనబడితే సాగు అని రాయాలి. లేదంటే బీడు. బీడని రాస్తే ఆ నేల ఇక వాళ్ళది కాదు.

"మా సేను మేం దున్నుకుంటే కేసేంది సార్?" అని దేవదాసు ట్రాక్టరుకు అడ్డం పోయాడు. అరవై దాటిన మనిషి. లాఠీ మోకాలి మీద పడింది. మాట పూర్తికాకుండానే కూలబడ్డాడు.

చుట్టుపక్కల ట్రాక్టర్లవాళ్ళందరికీ సాయంత్రంలోపే ఫోన్లు వెళ్ళాయి. ఆ చెక్కలో చక్రం పెడితే మీ బండీ స్టేషన్లోనే అని.

మంగళవారం పొద్దున్నే అందరూ కొలిమి దగ్గర చేరారు. దేవదాసు కూతురు స్టెల్లా మహదేవపురలో నర్సు. పెళ్ళై నెల కాలేదు. తండ్రికి కట్టు కట్టి, మొగుడు ఆశీష్‌ను వెంటబెట్టుకుని వచ్చింది.

"ట్రాక్టరు లేకుంటే మడకలు లేవా?" అంది.

నర్సింహులు తల దించుకున్నాడు. బండి పందేలకని ఊళ్ళో ఇంకా ఎద్దులు మేపుతున్నది అతనొక్కడే. రెండు జతలు. "ఉండాయమ్మా. పాత ఇనుము కింద మేమే అమ్మితిమి. అవో, గోడకాడ."

గోడవారగా పన్నెండు నాగళ్ళు. కొన్నవాడు మోహన్‌కుమార్, విల్లాల క్లబ్బుహౌసుకు అలంకారం పనులు చేసే కాంట్రాక్టరు. తుప్పు గీకి, వార్నిష్ కొట్టి ఇమ్మని రామక్క మొగుడు పుల్లయ్యకు అప్పగించాడు. వాటిని గోడకు తగిలిస్తారట. పిల్లలకు గుచ్చుకోకూడదని మొనలు గుండ్రంగా అరగదీయమన్నాడు. పుల్లయ్య ఇప్పటికే ఏడింటికి అరగదీశాడు.

"అవి ఇయ్యనప్పా," అన్నాడు పుల్లయ్య, కళ్ళెత్తకుండా. "ఎవురు తెస్తే వాళ్ళకే తిరిగియ్యల్ల. మా నాయన పెట్టిన కట్టుబాటు."

"నీ కట్టుబాటు విల్లాలోనికా, మాకా?" అన్నారెవరో.

"కడుపు కాలేది నాకూ ఉండాది! ఈ పని పోతే నాకు ఇంగో పని ఏడుందిరా?"

కొలిమి గోలగోలైపోయింది. రామక్క ఒక నాగలిని కిందికి లాగి, కర్రును తీగ బ్రష్షుతో రుద్దింది. తుప్పు రాలి, మడమ దగ్గర మూడు చుక్కలు తేలాయి.

"స్టెల్లా, ఇది మీ తాతది."

ఇంకోటి రుద్దింది. నెలవంక. "నర్సింహులన్నా, నీది."

వానలకు ముందు ఊరందరి కర్రులూ కొలిమిలో కుప్పపడేవి. కలిసిపోకుండా ఇంటికొక గుర్తు కొట్టేవాడు ఆమె మామ. రామక్క ఒక్కో గుర్తునూ రుద్ది ఒక్కో ఇంటిని పిలిచింది. అమ్ముకున్నప్పుడు వెనక్కి చూడని మనుషులు ఒక్కొక్కరే వచ్చి, ఆ గుర్తును వేలితో తడిమారు.

"మామ ఏమన్నాడో నాకూ తెలుసు," అంది మొగుడితో. "గుర్తు చూసి ఇయ్యమన్నాడు. తెచ్చినోని మొగం చూసి కాదు."

పుల్లయ్య ఏడు మొండి మొనల వైపు చూశాడు. "నా చేత్తోనే కోస్తినే," అన్నాడు. లేచి కొలిమిలో బొగ్గు పోశాడు.

రెండు రోజులు, వెలుగున్నంతసేపూ సమ్మెట ఆగలేదు. లారీ కమాను ముక్కల్ని కాల్చి మొండి మొనలకు అతికి సాగగొట్టారు. పుల్లయ్య పట్టకారు పట్టాడు, రామక్క సమ్మెట వేసింది. ఆమె భుజం పట్టేస్తే స్టెల్లా అందుకుంది. మొదటి దెబ్బ దాగలి అంచుకు తగిలి చేతులు జివ్వుమన్నాయి.

"ఇంజెక్షన్ ఇచ్చినట్టు మెల్లిగా వేస్తే ఇనుముకు నొయ్యదు పాపా," అంది రామక్క.

తిత్తి తిప్పుతున్న ఆశీష్ గట్టిగా నవ్వాడు. స్టెల్లా కూడా నవ్వి, ఈసారి సరిగ్గా వేసింది. ఆ మోత విని రామక్కకు ప్రాణం లేచొచ్చింది. ఎర్రటి మొన నీళ్ళలో చుయ్యిమన్న ప్రతిసారీ పందిట్లో అందరి మొహాలూ వెలిగాయి.

బుధవారం మోహన్‌కుమార్ కారు దిగాడు. మంటలో వార్నిష్ పొగ.

"ఏమ్మా ఇదీ! ఐటమ్స్ అన్నీ డ్యామేజ్ చేసేశారు! సండే ఇనాగరేషన్ ఉంది నాకు!"

"ఐటమ్సు కాదప్పా, మడకలు."

"ఈ కాలంలో వీటితో ఎవరు దున్నుతారు?"

నలభై మంది లేచి నిలబడ్డారు, అంతే. అతను కారెక్కుతూ, "స్టేషన్లో మాట్లాడదాం," అన్నాడు.

గురువారం తెల్లారగానే పన్నెండు నాగళ్ళు పొలంలో దిగాయి. రెంటికి నర్సింహులు ఎద్దులు. మిగతా పదింటికీ మనుషులే కాడి పట్టారు.

"పెళ్ళిదండ కంటే ఇది బరువు," అన్నాడు ఆశీష్ రొప్పుతూ.

"ఇది మాత్రం వాడిపోదులే, లాగు," అంది స్టెల్లా.

నేల ఎర్రగా చీలింది. వెనకాలే ఆడవాళ్ళు రాగులు చల్లారు.

పదకొండుకు సర్వేయరు వచ్చాడు. వెంట పోలీసు వ్యాను, మోహన్‌కుమార్.

"కాంట్రాక్టరు మడకలు దొంగిలించింది ఎవడు?" అన్నాడు ఇన్స్‌పెక్టరు.

"ఇది మాది. గుర్తుండాది చూడు." "ఇది మాది." "ఇది మాది." చాలు చాలునుంచీ అదే మాట.

"వాటికి మొన పెట్టింది నేను," అన్నాడు పుల్లయ్య ముందుకొచ్చి.

లాఠీ అతని కుడి మణికట్టు మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు రామక్కకు వినబడింది. పుల్లయ్య మోకాళ్ళ మీద కూలి, ఎడమచేత్తో ఆ చేతిని పొదువుకున్నాడు. అలాగే వ్యానులోకి ఈడ్చారు. పన్నెండు నాగళ్ళనూ అతని పక్కన పడేశారు.

జనం సర్వేయరును చుట్టుముట్టారు. అతని బూట్లకు తడిమన్ను అంటుకుని ఉంది.

"ఏం రాస్తావో గట్టిగా చదువుతా రాయి సారూ!"

అతను ఇన్స్‌పెక్టరు వైపు చూశాడు, చాళ్ళ వైపు చూశాడు. సాగు అని రాసే ధైర్యం లేదు. బీడు అని అక్కడ నిలబడి రాయలేకపోయాడు. "పదిహేను రోజులకు మళ్ళీ వస్తాను," అని పుస్తకం మూశాడు.

పదిహేను రోజులంటే మొలక పచ్చగా లేస్తుంది. ఈలోగా జేసీబీ వస్తుంది. దేవదాసు కట్టుకాలితో వచ్చి గట్టు మీద మంచం వేయించుకున్నాడు. అతని చుట్టూ ఇంటికిద్దరు చొప్పున కూర్చున్నారు.

రామక్క, స్టెల్లా కొలిమికి తిరిగొచ్చేసరికి పందిట్లో కొత్తమనుషులు నిలబడి ఉన్నారు. పక్క ఊరివాళ్ళు. వాళ్ళ నేలా కంపెనీ అర్జీలో ఉంది. భుజం మీద ఒక పాత నాగలి.

"పుల్లయ్యన్న లేడు కదా..." అన్నారు నసుగుతూ.

రామక్క కర్రును రుద్ది చూసింది. తుప్పు గుర్తును పూర్తిగా తినేసింది. ఆ కొలిమిలో ఆడమనిషి సమ్మెట వేయడమేగాని, పట్టకారు పట్టడం, గుర్తు కొట్టడం ఏనాడూ లేదు.

"ఏ ఇంటిది?"

"తెలీదక్కా. మా ఊరిది."

నిప్పు ఇంకా ఆరలేదు. రామక్క మొగుడి పట్టకారు తీసుకుని కర్రును బొగ్గుల్లోకి దోసింది.

"స్టెల్లా, సమ్మెట ఎత్తు," అంది.