హాథర్షా పిచ్ మీద పలుగులు

కానిస్టేబుల్ బూటుకాలితో ఒక్క తన్ను తన్నాడు. పెవిలియన్ మెట్ల మీది గుండిగ దొర్లి, బఠానీ జావంతా గడ్డి పాలైంది. గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడ్డ పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. ఒక పసిది వంగి గడ్డిలోంచి గింజలు ఏరుకోబోయింది. వంట చేసిన ఆడా అనే ఆవిడ దాన్ని చప్పున చంకనెత్తుకుంది.

"నోటికాడి కూడు తన్నడానికి కాలెలా లేచిందయ్యా? నీకు పిల్లల్లేరూ?"

"ఇది కంపెనీ స్థలం. శనివారంకల్లా ఖాళీ చెయ్యాలి. నాదేం లేదు, పైవాళ్ల హుకుం," అన్నాడు వాడు, ఆమె మొహం చూడకుండా.

పైవాళ్ల హుకుం! కూలి కోస్తే పనిలోకి దిగం అన్నందుకు హాథర్షా బొగ్గుగని గేట్లకు వేసవి మొదట్లోనే తాళాలు పడ్డాయి. అప్పట్నించీ ఊళ్లో పిల్లల కడుపులో పూటకింత వేడిగా పడుతోందంటే అది ఈ క్రికెట్ క్లబ్బు పొయ్యి చలవే. ఆ పొయ్యి ఆరితే మగాళ్లు తలలు వంచుకుని గనిలోకి దిగాల్సిందే. ఆ సంగతి ఆడాకు తెలుసు. కంపెనీకి ఇంకా బాగా తెలుసు. అందుకే మైదానంలో షెడ్లు వేసి, గని నడపడానికి బయటూళ్ల కూలీల్ని దింపుతారట.

ఆ సాయంత్రం పెవిలియన్లో మీటింగు పెట్టారు.

"ఎవడబ్బ స్థలం ఇది?" అంటూ ఈనక్ లేచాడు. ఆడాకు మామగారు. ఒకప్పుడు బొగ్గు కొట్టినవాడు, ఇప్పుడు మైదానం చూసుకుంటున్నాడు. "ఒట్టి బురదగుంట. మా అయ్యలు షిఫ్టు దిగొచ్చి, ఒంటి మసైనా కడుక్కోకుండా చదును చేశారు. మట్టి మోసిందెవరు? రోలర్ లాగిందెవరు? గని దొరేం చేశాడు? వచ్చి రిబ్బను కోశాడు!"

జనం నవ్వారు, నీరసంగానే.

"కోర్టుకి మట్టి మోసినవాడు కనపడడు పెద్దాయనా, కాగితం ఉన్నవాడే కనపడతాడు," అన్నాడు జోనస్. గని కార్మికుడు, జట్టుకు బౌలరు. "శనివారం అందరం చేతులు పట్టుకుని మైదానానికి అడ్డంగా నిలబడదాం. మనల్ని తొక్కుకునే పోవాలి."

"తొక్కుతారు," అంది వెనకనుంచి ఒక ముసలామె.

"ఇంట్లో కూర్చుంటే మాత్రం ముద్దు పెట్టుకుంటారా అత్తా?" అంది ఆడా.

శనివారం ఊరంతా కదిలింది. గేటుకూ పెవిలియన్‌కూ నడుమ, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బారులు తీరారు. పస్తులతో ఉన్నా ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు. ఆడా అటూ ఇటూ చూసి ఉలిక్కిపడింది. బారు నడిమధ్య పిచ్ ఉంది. దాని మీద ఒక్క ప్రాణి లేదు!

"మామా, మధ్యలో ఖాళీ! మూసెయ్యమను!"

"మేకుల బూట్లతో పిచ్ మీదికా? మతి పోయిందా అమ్మాయ్?"

"అక్కా, అది మాత్రం వద్దు. పిచ్ పాడైపోతుంది," అన్నాడు జోనస్ కూడా.

ఏం చెప్పమంటారు! లాఠీలకు ఎదురు నిలబడదామని వచ్చిన జనం పచ్చిక తొక్కడానికి జంకారు. పుట్టినప్పట్నించీ దాన్ని చుట్టి నడిచిన కాళ్లు మరి. పోలీసుల్ని వెంటేసుకుని గుర్రం మీద వచ్చిన ఇన్‌స్పెక్టరు మాత్రం ఈ ఊరివాడు కాడు. వాడికి అక్కడ తలుపు తీసిన దారి కనపడింది.

గుర్రాలు పిచ్ మీదుగా దూసుకొచ్చాయి. బారు రెండుగా చీలింది. వెనక్కి తిరిగేలోపే లాఠీలు పడ్డాయి. జోనస్‌కు బేడీలు వేశారు. ఈనక్ నుదురు పగిలింది. పొయ్యి పగలగొట్టి, పెవిలియన్ తలుపులకు చెక్కలు బిగించారు. షెడ్ల కలప లారీలు గేటు దగ్గర హారన్లు కొడుతుంటే ఆడా గోడవారన కూలబడి ఏడ్చింది. అంతా అయిపోయింది.

అప్పుడు ఈనక్ సామాన్ల కొట్టులోంచి పలుగూ పారా భుజానేసుకుని వచ్చాడు. తిన్నగా పిచ్ దగ్గరికి నడిచాడు. గుర్రపు డెక్కల గుంటలు పూడుస్తాడనుకున్నారంతా.

"పోనీ, ముసలాడి పిచ్చి వాడిది," అని నవ్వాడు ఇన్‌స్పెక్టరు.

ఈనక్ పలుగెత్తి పిచ్ నడుమ దింపాడు.

"మామా!" ఆడా పరుగెత్తింది. "ఏం చేస్తున్నావు?"

"వాడి షెడ్లకి చదును నేల కావాలి. చదును చేసింది మనం." మీసాల మీదికి నెత్తురూ కన్నీళ్లూ కలిసి కారుతున్నాయి. "గొయ్యి చెయ్యడం కూడా మనకొచ్చు."

జనానికి అర్థమైంది. మగాళ్లు ఇళ్లకు పరుగెత్తి పలుగులు తెచ్చారు. మేకుల బూట్లతో అందరూ పిచ్ మీదికి ఎక్కారు. తవ్వడమే బతుకైన మనుషులు, చూస్తుండగానే నేల కందకమైంది. ముందుకొచ్చిన మొదటి లారీ చక్రం అందులో దిగబడిపోయింది.

పోలీసులు ఈనక్‌ను ఈడ్చుకుపోయారు. పలుగు ఇంకొకడు అందుకున్నాడు. వాణ్ణీ ఈడ్చారు. మరొకడు అందుకున్నాడు. రేపు ఈ కందకాన్ని కంపెనీ పూడ్చేస్తుందని ఆడాకు తెలుసు. పిల్లలకు పొద్దున్న ఏం పెట్టాలో మాత్రం తెలీదు. పలుగు మళ్లీ నేల మీద పడితే ఆమె వెళ్లి అందుకుంది.

"ఆడదానివి, పక్కకి తప్పుకో," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నన్ను తీసుకుపోతే నా వెనక ఇంకో ఆడదుంది. ఆవిడ వెనక ఊరుంది. నీ జైలు ఎంత పెద్దదో చూసుకుని రా," అంటూ ఆడా పలుగెత్తింది.