నీడలు పడిన దిక్కు

పోయిన ఏడాది ఆగస్టు పద్నాలుగు, గురువారం. మధ్యాహ్నం రాగిసంగటి, పుల్లగూర తిని కంచం కడుగుతుంటే ఉదయగిరి నుంచి సబీనా ఫోన్ చేసింది. నవాజ్ దగ్గర్నుంచి వీడియో వచ్చిందని చెప్పి, ఫోన్ అత్త మదార్‌బీ చేతికిచ్చింది.

నవాజ్ సబీనా భర్త, మదార్‌బీ ఒక్కగానొక్క కొడుకు. ఎర్ర సముద్రానికి ఆవలి ఒడ్డున ఒక దేశంలో పిండిమిల్లు లారీ నడిపేవాడు. అక్కడ యుద్ధం మొదలయ్యాక ఊరు విడిచి పారిపోయాడన్న సంగతి తప్ప మరేమీ తెలియలేదు. ఆ దేశం పేరు, ఊరి పేరు ఇక్కడ రాయను. వాడు తలదాచుకున్న బడిలో జనం ఇంకా ఉన్నారు.

ఉదయగిరి జూనియర్ కాలేజీలో నేను సివిక్స్ చెప్పిన రోజుల్లో వాళ్లది మా పక్కిల్లు. ఆ ఇంటి ఆడవాళ్లు కలివి కర్రతో చెంచాలు, గరిటెలు చెక్కి అమ్ముతారు. రిటైరై మేం ఆత్మకూరు వచ్చేశాక నా భార్య విజయకుమారికి జబ్బు చేసింది. చివరి నెలల్లో స్టీలు చెంచా నోటికి తగిలితే ముఖం తిప్పుకునేది. ఆ సంగతి ఎవరి ద్వారా విన్నదో, మదార్‌బీ పూరేకులాంటి చిన్న చెంచా చెక్కి, బస్సెక్కి వచ్చి ఇచ్చి వెళ్లింది. అటువంటి మనిషి ఇప్పుడు ఫోన్‌లో ఒకే మాట అడిగింది.

"వాడు యాడుండాడో నువ్వు కనుక్కుంటావంట గదా సారూ?"

కనుక్కునే పని నాకు నేర్పింది ప్రమీలారాణి. నా పాత విద్యార్థిని. కలిగిరిలో ఇంటి నుంచే ఒక మ్యాపుల కంపెనీకి పనిచేస్తుంది. విజయ పోయాక పరామర్శకు వచ్చి, నేను గోడ గడియారం చూస్తూ కూర్చోవడం గమనించింది. "కళ్లు బాగుండాయి గదా సార్, వాటికి పని చెప్పండి" అంది. దేశదేశాల్లో కొంతమందిమి కలిసి, యుద్ధం జరిగే చోట్ల నుంచి జనం బయటపెట్టిన ఫొటోలు, వీడియోలు చూస్తాం. వాటిని ఉపగ్రహ చిత్రాలతో పోల్చి, అది ఏ ఊరు, ఏ వీధి అన్నది తేలుస్తాం. ఆసుపత్రి ఏది, జనం దాక్కున్న బడి ఏది అన్నది సహాయ సంస్థకు చెబుతాం. వాళ్లు రెండు వైపుల సైన్యాలకూ అక్కడ మామూలు జనం ఉన్నారని తెలియజేసి, నీళ్లూ మందులూ పంపే దారి చూసుకుంటారు. వెతకడానికి వాడేవి అందరికీ దొరికేవే. దొరికిన చోటు మాత్రం ఆ సంస్థకు తప్ప ఎవరికీ చెప్పం.

ఆ సాయంత్రమే బస్సెక్కి ఉదయగిరి వెళ్లాను. నవాజ్ ఉన్నచోట సిగ్నల్ లేదు. తీసిన వీడియోను పొరుగూరికి వెళ్లే ఎవరికో ఇస్తే, ఆయన సిగ్నల్ అందిన చోట పంపించాడు. అందులో బడి ఆవరణ. మగవాళ్లు వరుసలు కట్టి నమాజు చేస్తున్నారు. కెమెరా వాళ్ల వెనక ఉంది. వాళ్లకు ఎదురుగా పొడవాటి భవనం, కుడివైపు గుండ్రటి నీళ్ల ట్యాంకు. చివర్లో నవాజ్ గొంతు: "అమ్మీ, ఒక బడిలో ఉండాం. పేరు తెలీదు. ట్యాంకులో నీళ్లు అయిపోయినాయి. పిల్లోళ్లు శానామంది ఉండారు."

సబీనా దాన్ని స్టేటస్‌లో పెడతానంది. వందమంది చూస్తే ఒకరైనా గుర్తుపడతారని ఆమె ఆశ. ఆ వందమందిలో ఎవరుంటారో మనకు తెలియదని, బాంబు వేసేవాడికీ ఫోన్ ఉంటుందని చెప్పాను. ఆమె నా వైపు కోపంగానే చూసింది కానీ పెట్టలేదు.

రెండు రోజులు ఆత్మకూరులో కంప్యూటర్ ముందే కూర్చున్నాను. పంద్రాగస్టు మైకులు వీధంతా మోగుతున్నా కరెంటు మాత్రం ఒక్కసారీ పోలేదు. ఊరు ఏదో ముందే తేలింది. వెనక మసీదు మినార్లు, నది వంపు పట్టిచ్చాయి. ఆ ఊళ్లో బడులు చాలా ఉన్నాయి. నమాజు వరుసలే దిక్కు చెబుతున్నాయి కదా అనుకున్నాను. వాళ్ల ముఖం పడమరకు. అంటే భవనం పడమటి పక్కన, ట్యాంకు ఉత్తరాన. నదికి ఇవతల అలాంటి బడి ఒకటి దొరికింది. వీడియోలో గేటు దగ్గరున్న చెట్టు మాత్రం పైనుంచి కనబడలేదు. వంటచెరుకుకు కొట్టేసి ఉంటారని నాకు నేనే చెప్పుకున్నాను.

మా పనిలో ఒక నియమం ఉంది. ఒకరు తేల్చినది రెండోవారికి చెప్పకూడదు. రెండోవారు మొదటినుంచీ విడిగా వెతకాలి. ఇద్దరిదీ ఒకటే అయితేనే ముందుకు పోతుంది. నా జవాబు పంపేసి, ఈసారి రెండోవారైన ప్రమీల వంతు పూర్తయ్యేదాకా ఆగాల్సింది. ఆగలేక ఆదివారం ఉదయగిరి బస్సెక్కాను. మదార్‌బీకి మంచిమాట నా నోటితో చెప్పాలనిపించింది. చెప్పాను కూడా. ఆమె రెండు చేతులూ పైకెత్తి దువా చేసి, నాకు టీ పెట్టడానికి లేచింది.

టీ తాగుతుండగానే ప్రమీల ఫోన్.

"సార్, మన ఇద్దరిదీ కుదర్లేదు. దిక్కు దేన్ని బట్టి పెట్టినారు?"

నమాజును బట్టి అన్నాను.

"నీడలు వాళ్లకు ముందుకు పడినాయి, పొడుగ్గా. మీ లెక్కన అది పొద్దున్నే అవతాది. అప్పుడు ఏం నమాజు సార్?"

నాకు తెలియలేదు. మదార్‌బీని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"ఎండొచ్చినాక అందరూ కలిసి చేసే జమాత్ యాడిది సారూ? ఫజర్ పొద్దు పొడవకముందే అయిపోతాది. మళ్లీ మద్దానం దాటినాకే. నీడలు పొడుగ్గా ఉండాయంటే అది అసర్, సాయంత్రం."

సాయంత్రమైతే సూర్యుడు పడమట ఉంటాడు, నీడ తూర్పుకు పడుతుంది. నీడ వాళ్ల ముందుకు పడింది. వాళ్లు తూర్పుకు తిరిగి ఉన్నారు.

ఆ మాట పైకి అన్నాను. మదార్‌బీకి కోపం వచ్చింది. "నా కొడుకు తూరుపుకు తిరిగి నమాజు చేస్తాడా? వాడికంత మతి పోయిందా ఏంది?"

సబీనా చెక్కుతున్న గరిటె కింద పెట్టింది. "అమ్మీ, మక్కా మనకే పడమర. ఆయన మక్కా కూడా దాటి, ఎర్ర సముద్రం అవతల ఉండాడు. ఆడినుంచి మక్కా తూరుపే గదా."

పుట్టినప్పటినుంచీ నమాజంటే పడమరే చూసినవాళ్లం, చేసే ఆమె, పక్కింటినుంచి చూసిన నేను. సివిక్స్ చెప్పినవాణ్ని, భూగోళం నాకూ తెలుసు. అయినా ఆ రెండు రోజులూ ఉదయగిరి కళ్లతోనే ఆ ఆవరణను చూశాను.

మదార్‌బీ మెల్లగా అడిగింది. "అయితే వాడూ నేనూ ఎదురెదురుగా కూచొని చేస్తన్నామా ఇన్నాళ్లూ?"

అవునన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

అక్కడే కూర్చొని ప్రమీలకు ఫోన్ చేశాను. తాను చూసిన బడి ఏదో నాకు చెప్పొద్దని, దిక్కులు తిప్పి మళ్లీ వెతుకుతానని అన్నాను. నదికి అవతల, తూర్పున భవనం, దక్షిణాన ట్యాంకు ఉన్న బడి దొరికింది. గేటు దగ్గర చెట్టు నిలబడే ఉంది. ప్రమీల ముందే తేల్చిపెట్టుకున్నదీ అదే. నా మొదటి జవాబు సహాయ సంస్థకు వెళ్లి ఉంటే నీళ్ల ట్యాంకర్ తూటాల మధ్య ఖాళీ బడికి పోయి నిలబడేది. ఒక్కరి మాట చెల్లదని ఆ నియమం పెట్టినవారెవరో నాకు తెలియదు. ఆ రోజునుంచీ వారికి మనసులో దణ్ణం పెట్టుకుంటున్నాను.

తరవాతి వారమంతా వార్త లేదు. మదార్‌బీ నన్ను నిష్ఠూరమాడలేదు. నేను తొందరపడి చెప్పిన మంచిమాటను మళ్లీ ఎత్తనూ లేదు. అదీ ఒక దయే.

ఇంకో రెండు రోజులకు నవాజ్ గొంతు వచ్చింది, సహాయ సంస్థ మనిషి ఫోన్‌లోంచి. ట్యాంకర్ వచ్చిందని, పిల్లలకు మందులిచ్చారని, బడి కప్పు మీద సంస్థ గుర్తు ఉన్న గుడ్డ పరిచారని చెప్పాడు. మావల్లే వచ్చిందో, వాళ్లకు వేరే దారిన తెలిసిందో ఆ సంస్థ చెప్పదు, మేం అడగం. వచ్చింది, చాలు.

ఆ కబురు వినడానికి నేనూ వెళ్లాను. మదార్‌బీ దాన్ని పదేపదే వేయించుకుంది. పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు ముగించి, సబీనా బలవంతం మీద కాస్త అన్నం తిని, గోడకు ఆనుకున్నది ఆనుకున్నట్టే చాప మీదికి ఒరిగి నిద్రపోయింది. ఇన్నాళ్లూ ఆమె పడుకున్నదే తప్ప నిద్రపోలేదని సబీనా నాకు గుసగుసగా చెప్పింది.

ఆత్మకూరు బస్సుకు వేళయింది. చెప్పులు చేతపట్టుకుని బయటికి వచ్చాను. సబీనా వాకిలిదాకా వచ్చి తలూపింది. తలుపు చప్పుడుకు అత్త లేస్తుందేమోనని రెక్కను కాస్త పైకెత్తి పట్టుకుని, నెమ్మదిగా మూసుకుంది.