ఉడికిన పప్పు తూకం

కూతురి పొట్ట మీది కోత పదిహేను రోజులైనా మానలేదు. సోమవారానికి దారిలో పడకపోతే మళ్ళీ ఆపరేషనే అని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి మాంసం కొట్టు పెద్దాయనకు కంటి మీద కునుకు లేదు.

పిల్ల మాంసం మానేసి మూడేళ్ళు. ఒంట్లో ప్రోటీను చాలడం లేదట. రోజుకి అరవై గ్రాములు పడాలట.

"వంద గ్రాముల మాంసంలో ఇరవై అయితే పప్పులో ఇరవై నాలుగు నాన్నా. ప్యాకెట్టు మీదే అచ్చేశారు చూడు," అంది పిల్ల మంచం మీంచే.

ఆయన ఆ లెక్కే పట్టుకుని కొట్టులోని కాటా ఇంటికి తెచ్చాడు. తనే వండి, ఉడికిన పప్పు రోజుకి పావుకిలో తూచి పెట్టాడు. ఒక్క గ్రాము తగ్గనివ్వలేదు. అయినా గాయం నోరు మూయలేదు.

శుక్రవారం పొద్దున మాంసం ఉడికించి, ఆ నీళ్ళు గిన్నెలోకి వంచాడు. పప్పులో రెండు గరిటెలు కలిపితే ఎవరికి తెలుస్తుంది? కానీ తెలిస్తే పిల్ల ఇక తన చేతి వంట ముట్టదు. మూత పెట్టేసి కొట్టుకు పోయాడు.

అక్కడ దర్జీ భార్య కాచుకుని ఉంది.

"ఏమయ్యా, కిలో అని కొట్టిచ్చావు. వండితే ముప్పావు కూడా లేదు. మిగతాది నీ కత్తి మింగిందా?"

"కత్తిదేం పాపమమ్మా. పొయ్యి మీద నీళ్ళు వదిలి కుదించుకుపోతుంది. నేను తూచేది పచ్చిది..."

అంటుండగానే ఇంట్లో పప్పు గుర్తొచ్చింది. మాంసం నీళ్ళు వదులుతుంది. పప్పు తాగుతుంది. ప్యాకెట్టు మీది లెక్క ఎండు పప్పుది. ఇన్నాళ్ళూ తను తూచిపెట్టింది ఎక్కువపాలు నీళ్ళే!

"నా మాంసం సంగతేంటయ్యా?" అని ఆవిడ అరుస్తున్నా వినకుండా ఇంటికి పరుగెత్తాడు. గిన్నెలోని మాంసం నీళ్ళు తూములో పారబోసి కూతురి దగ్గర కూలబడ్డాడు.

"తప్పు నాదే తల్లీ. ఉడికినాక తూచాను. నీకు అందింది మూడో వంతు."

"ముప్పై ఏళ్ళు కాటా పట్టిన మనిషివి నాన్నా నువ్వు!"

"మాంసం దగ్గరే నా తెలివంతా."

నవ్వొచ్చి, కుట్లు లాగి, పొట్ట పట్టుకుంది పిల్ల. ఆయనకు నవ్వు రాలేదు. డాక్టరమ్మకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"సరే, ఇంకో వారం చూస్తాను. పప్పొక్కటే కాదు, సోయా, వేరుశనగలు, పెరుగు కూడా పెట్టండి. చీము కనబడితే మాత్రం ఆగను," అందావిడ.

మధ్యాహ్నం ఎండు పప్పూ సోయా గింజలూ తూచి ఉడికించి కంచం నిండా పెట్టాడు. పిల్ల నమిలే దవడ వైపే చూస్తూ కూర్చున్నాడు.

"అలా చూడకు నాన్నా, పొలమారుతుంది."

మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.