పోగు లేని చెయ్యి

రాజధాని కర్నూలుకు వచ్చిన ఏడాదే నేను ఆదోనికి కోడలిగా వచ్చాను. పత్తి రోజులు. మా ఆయన గురురాజ మిల్లు నుంచి ఇంటికి వస్తే మీసాలకు కూడా దూది అంటుకుని ఉండేది. ఆ నలుసులు ఒక్కొక్కటే తీయడం నా సాయంకాలపు పని. నిజానికి నాకు ఇంకో పని లేదు. మూడు నెలల దాకా కొత్తకోడలి చేత చెంబు కూడా ఎత్తించకూడదని ఆ ఇంటి ఆనవాయితీ. అనంతపురంలో బి.ఏ. చదివి వచ్చిన నాకు అది వార్డెను లేని హాస్టలులా ఉందని అందరితో అనేదాన్ని.

వంటా, పత్తి తెచ్చిన రైతులకు భోజనాలూ, అన్నీ మా తోడికోడలు శాంతమ్మక్కే చూసుకునేది. ఆమెకు అయిదు నెలల కవలలు. పావుగంట తేడాతో పుట్టారు కాబట్టి పెద్దోడు, చిన్నోడు. ఇద్దరూ ఒకే అచ్చు. అందుకని అక్క పాలు తాగినవాడి చేతికి ఎర్ర నూలుపోగు కట్టేది. తర్వాత పోగు లేనివాడి వంతు. వాడు తాగాక పోగు వాడి చేతికి మారేది. ఆ పోగు ఇప్పుడు ఎవరి చేతికుందో చూసి రావడం నాకొక ఆట.

ఒక శుక్రవారం చిన్నోడు పొద్దున్నుంచి ఏడుపు ఆపలేదు. చేతికి పోగు ఉంది. కడుపునొప్పి అనుకుని అక్క వస అరగదీసి నాకించింది. వాడు ఇంకా ఏడ్చాడు. మధ్యాహ్నం, చేతికి పోగు లేదని పాలిస్తే పెద్దోడు కక్కుకున్నప్పుడు గాని సంగతి తెలియలేదు. తెల్లవారుజామున పోగు చేతిలో పట్టుకునే అక్క కునుకు తీసింది. ఉలిక్కిపడి లేచి తాగనివాడికి కట్టేసింది.

అక్క ఏడవలేదు. చిన్నోడికి పాలిస్తూ గోడ వైపు చూసింది.

"ఆకలైన బిడ్డకు వస నాకించినానమ్మీ. నేనేం తల్లిని."

"నిద్ర లేక అట్లైందిలే అక్కా."

"నిద్ర ఏ తల్లికి సాలుతాది? వాళ్ళకు బిడ్డలు తెలుస్తారు. నాకు దారం గావాల."

రెండు రోజులయ్యాక గుడ్డలు మూట కడుతూ, "చిన్నోణ్ణి ఎమ్మిగనూరులో మా చెల్లెలికి ఇచ్చేస్తాండా. దానికి పిల్లల్లేరు. ఆడైనా వేళకు పాలు దొరుకుతాయి," అంది. బావగారు నీ ఇష్టమన్నారట.

నాకు అర్థం కాలేదు. నేను చూసే అక్క ఇద్దరినీ రెండు మోకాళ్ళ మీద ఆడిస్తూ జొన్నరొట్టె తట్టే మనిషి. అక్కకు కనబడే అక్క ఇంకెవరో. ఈ ఇద్దరిలో నిజమైనది ఎవరో తెలుసుకోవాలని పెద్దోణ్ణి ఎత్తుకుని నేనూ బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికినందుకు సంబరపడ్డాను కూడా.

ఎమ్మిగనూరులో అక్క చెల్లెలు కృష్ణకుమారి అప్పటికే ఉయ్యాల కట్టి ఉంచింది. వాళ్ళది నూలు వ్యాపారం. అక్క మొహం చూసి, "ఏందక్కా, కండ్లు అట్ల లోపలికి పోయినాయి? రొంతసేపు పండుకో," అంది.

"ఈడ్నే కూచుంటాలే," అని అక్క నూలు కట్టలకు ఆనుకుంది. అంతే, నిద్రపోయింది. పక్కింటి మగ్గాల చప్పుడుకు కూడా కదల్లేదు. మేము పిల్లలకు ఆవుపాలు పట్టాం, నీళ్ళు పోశాం. ఎండ గడప దాటి వీధిలోకి జారినా అక్క లేవలేదు.

ఉయ్యాలలో పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు. కృష్ణకుమారి ఊపుతూ, "చిన్నోడా, మా అప్పా, ఊరుకో నాయనా," అని బుజ్జగించింది. వాడు వినలేదు.

"పెద్దోడు వాడు," అంది అక్క, కళ్ళు తెరవకుండానే. "ఎడమపక్కకు తిప్పు. కుడిపక్క పండితే ఓర్సుకోడు."

తిప్పగానే ఏడుపు ఆగింది.

"అయితే ఇంతసేపూ నేను ఊపింది పెద్దోణ్ణా?" అంది కృష్ణకుమారి.

అక్క లేచి వచ్చింది. ఇద్దరి చేతులూ చూసింది. "దారం యాడ?"

పోగు నా కొంగుముడిలో ఉంది. "నీళ్ళు పోసేటప్పుడు విప్పినానక్కా. మళ్ళ ఎవురికి కట్టాలో తెలీలేదు."

"మరి నాకెట్ల తెలిసె?" నిజంగానే అడిగింది, ఎవరో తెలియని మనిషి గురించి అడిగినట్టు.

"పొద్దున్నుంచి నిద్రపోయినావు," అన్నాను. నాకు తోచిన జవాబు అదొక్కటే.

అక్క ఉయ్యాలలోకి వంగి పెద్దోడి చెంప తడిమింది. తర్వాత చిన్నోణ్ణి నా ఒడిలోంచి తీసుకుని భుజాన వేసుకుంది. "కుమారీ," అంటూ చెల్లెలి వైపు తిరిగింది.

"సర్లే, నాకు తెలుసు," అంది కృష్ణకుమారి. "తొట్టెల గూడా ఎత్తుకపోండి. ఇద్దరికీ ఒకటి సాలదు." నవ్వుతూనే అంది గాని, తాడు విప్పుతుంటే ముడి రెండుసార్లు ఆమె వేళ్ళనుంచి జారింది.

సాయంకాలం బస్సులో ఇద్దరం చెరొకరిని ఎత్తుకున్నాం.

"రేపట్నుంచి అన్నం తిన్నాక వీళ్ళు నాకాడ ఉంటారక్కా. నువ్వు తలుపేసుకుని పండుకో."

"నీకు ఇంకా నెలన్నర ఉంది కదా. ఇంట్లో ఏమంటారో."

"హాస్టలు ఖాళీ చేసినానని సెప్పు."

అక్క చాలా రోజుల తర్వాత నవ్వింది. బస్సు కుదుపులకు ఎవరు ఎవరి దగ్గర ఉన్నారో నేను మళ్ళీ మరిచిపోయాను. "నా ఒళ్ళో ఉండేది ఎవురక్కా?" అని అడిగాను.

"నాలుగు దినాలు ఎత్తుకో. నీకే తెలుస్తాది," అని అక్క కళ్ళు మూసుకుంది.